బైక్ ఫ్యూయల్ పంపు పాడైందా? మార్చే ముందు ఏం చూడాలి, ఎలా సరిచేయాలి?

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. లేదంటే ఊళ్లో బాగానే నడిచిన బండి హైవే ఎక్కి కాస్త స్పీడు అందుకోగానే మిస్ కొడుతూ పికప్ వదిలేస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు మొదట వినిపించే మాట "పంపు పోయింది సార్". నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలంటే వేలల్లో ఖర్చు. ఇవే లక్షణాలు మాడిన ఫ్యూజు వల్ల, వదులైన కనెక్టర్ వల్ల, మూసుకుపోయిన ట్యాంకు మూత రంధ్రం వల్ల కూడా వస్తాయి. అందుకే ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాలి.

ఇదంతా ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఎఫ్‌ఐ) బైకుల సంగతి. 2020 ఏప్రిల్ 1న బీఎస్‌6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దగ్గర అమ్ముడవుతున్న బైకుల్లో ఎక్కువ ఇవే. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటికి పంపే ఉండదు, పెట్రోలు ట్యాంకులోంచి తనంతట తానే కిందికి దిగుతుంది. ఎఫ్‌ఐ బండిలో పంపు ట్యాంకు లోపలే మునిగి ఉండి, చాలా మోడళ్లలో ఇంజెక్టర్‌కు (ఇంజిన్‌కు పెట్రోలు చిమ్మే భాగం) 3 బార్ దగ్గర్లో ఒత్తిడి ఇస్తుంది. అంటే సుమారు 43 పీఎస్‌ఐ, కారు టైరులో కొట్టించే గాలి కంటే ఎక్కువే.

1. ముందు చెవి పెట్టి వినండి

చుట్టూ చప్పుడు లేని చోట బండి ఆపి, కిల్ స్విచ్ ఆన్‌లో పెట్టి తాళం తిప్పండి. ట్యాంకు లోంచి రెండు మూడు సెకన్లపాటు 'సుయ్' మని సన్నటి మోత వచ్చి ఆగాలి. పంపు లైన్లో ఒత్తిడి నింపుతున్న చప్పుడు అది. మోత వస్తే మోటారుకు కరెంటు అందుతున్నట్టే, ఇక అనుమానించాల్సింది ఒత్తిడిని. అసలే రాకపోతే ముందు కరెంటు దారి చూడాలి. గరగరమని వస్తే మోటారు అరిగి ఉండొచ్చు, లేదా ట్యాంకులో పెట్రోలు అడుగంటి ఉండొచ్చు.

2. మోత రాకపోతే

కిల్ స్విచ్‌ను నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. వానాకాలంలో లోపలి కాంటాక్టులకు చిలుము పట్టడం మామూలే. బండి ఈమధ్య పడిందా? చాలా మోడళ్లలో బండి ఒరిగిందని పసిగట్టే సెన్సార్ పంపును ఆపేస్తుంది. నిలబెట్టి, తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది. తర్వాత ఫ్యూజు తీసి చూడండి. తెగి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. వైరు ముక్క చుట్టి నడిపించే అలవాటు మాత్రం వద్దు, పెట్రోలు ట్యాంకు దగ్గర వైరింగ్ కాలితే అది చిన్న నష్టం కాదు. రిలే (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బీ) ఉన్న బండి అయితే, అదే నంబరున్న మరో రిలేతో మార్చి చూడండి.

బ్యాటరీని మరవొద్దు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మల్టీమీటర్‌లో 12.4 వోల్టుల కంటే బాగా తక్కువ చూపిస్తే ముందు చార్జింగ్ పెట్టించండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఎఫ్‌ఐ బండిని ఎంత నెట్టినా చాలాసార్లు స్టార్ట్ కాకపోవడానికి కారణం ఇదే, పంపు తిరగడానికీ కరెంటు కావాలి కదా.

3. పంపు కనెక్టర్ దగ్గర కొలవండి

ఎక్కువమంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ట్యాంకు దగ్గర పంపు కనెక్టర్‌లో రెండు వైర్లు పంపువి, మిగతావి పెట్రోలు ముల్లు చూపించే ఫ్లోటువి. ఏవి ఏవో సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. కనెక్టర్ ఊడదీయకుండా, వెనక వైపునుంచి మీటరు పిన్నులు ఆనించి తాళం తిప్పండి. ఆ రెండు మూడు సెకన్లలో దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే తప్పు వైరులోనో, పిన్నుల్లోనో, ఎర్త్‌లోనో ఉంది. పూర్తి వోల్టేజీ వస్తున్నా పంపు తిరగకపోతే అప్పుడు పంపు పోయిందని నమ్మొచ్చు. దారి మధ్యలో ఇలా అయితే ట్యాంకు అడుగున పంపు ప్లేటు దగ్గర అరచేత్తో గట్టిగా తట్టి చూడండి, ఇరుక్కున్న మోటారు ఒక్కోసారి కదులుతుంది. అది ఇల్లు చేరడానికి మాత్రమే.

4. మోత వస్తుంది, బండి లాగదు

ముందుగా మూత పరీక్ష. బండి ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. 'ఉస్' మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే పంపు తప్పేమీ లేదు. మూతలోని గాలి రంధ్రం లేదా బ్రీదర్ పైపు మూసుకుపోయింది, శుభ్రం చేస్తే సరి.

అదీ కాకపోతే సెల్ఫ్ కాసేపు కొట్టి స్పార్క్ ప్లగ్ విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ వైపు వెతకండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి పంపు బాగుందనుకోకండి. మామూలు బైకుల్లో పెట్రోలు ఒత్తిడిని కొలిచే సెన్సార్ ఉండదు, ఒత్తిడి సగానికి పడిపోయినా లైటు వెలగకపోవచ్చు. ఖాయంగా తేలాలంటే లైన్లో టీ జాయింటుతో ప్రెజర్ గేజ్ పెట్టించాలి. గేజ్ లేకుండానే పంపు మార్చాలంటున్న షెడ్డులో ఒకసారి గట్టిగా అడగండి.

5. విప్పడం, మార్చడం

వారంటీ ఉంటే విప్పొద్దు, సర్వీసు సెంటరుకు ఇవ్వండి. లేదంటే గాలి ఆడే చోట, దగ్గర్లో సిగరెట్టూ దీపమూ లేకుండా చూసుకుని మొదలుపెట్టండి. బండి నడుస్తున్న స్థితిలో ఉంటే ఇంజిన్ ఆన్‌లో ఉండగా పంపు కనెక్టర్ పీకండి. లైన్లో ఉన్న పెట్రోలు అయిపోయి ఇంజిన్ ఆగుతుంది, ఒత్తిడి దిగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అయినా పైపు ఊడదీసేటప్పుడు గుడ్డ చుట్టండి, కాస్త చిమ్ముతుంది.

ట్యాంకు ఖాళీ చేసి, ప్లేటు బోల్టులు తీసి, ఫ్లోటు కమ్మీ వంగకుండా పంపును ఏటవాలుగా బయటికి లాగండి. అడుగున ఉండే స్ట్రైనర్ జాలీ చూడండి. నల్లగా, జిగటగా ఉంటే మోటారు బాగున్నా పెట్రోలు లాగలేదు. చాలా మోడళ్లకు జాలీ విడిగా దొరుకుతుంది. ట్యాంకులో తుప్పు, నీళ్లు ఉంటే కడిగించకుండా కొత్త పంపు పెట్టడం దండగ. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ట్యాంకులోకి నీళ్లు ఎక్కువగా దిగితే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది, పంపు లాగేది అక్కడినుంచే. మోటారు మాత్రమే మారుస్తుంటే ఒత్తిడి, సైజు పాతదానికి సరిపోవాలి. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. పరీక్ష కోసమని పంపును పెట్రోలు లేకుండా తిప్పకండి, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్‌లో నడిపే బండ్లలో పంపు త్వరగా పోయేదీ అందుకే.

ప్లేటు కింద ఉండే 'ఓ-రింగ్' (లీకు ఆపే రబ్బరు రింగు) తప్పకుండా కొత్తది వేయండి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. రెండు మూడు లీటర్లు పోసి, బ్యాటరీ కలిపి, సెల్ఫ్ కొట్టకుండా తాళం మూడు నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేస్తే లైను నిండుతుంది. అప్పుడు టార్చి వేసి ప్లేటు చుట్టూ, పైపు జాయింట్ల దగ్గర చూడండి. ఒక్క చుక్క తడి కనిపించినా స్టార్ట్ చేయొద్దు, మళ్లీ విప్పి బిగించాల్సిందే. అంతా పొడిగా ఉంటే ఇంజిన్ ఆన్ చేసి, దగ్గర్లోనే ఒక చుట్టు తిరిగి వచ్చి, వేడి మీద మరోసారి చూసుకోండి.