పాత గ్యాస్ మాస్క్ చూసుకోవడానికే, పెట్టుకోవడానికి కాదు

నా మొదటి గ్యాస్ మాస్క్ కంచరపాలెంలో పాత ఇనుప సామాను కొట్టులో దొరికింది. బూడిద రంగు రబ్బరు, రెండు గుండ్రటి గాజు కళ్ళు, సోవియట్ రకం జీపీ-5. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడిన సంగతి తాతయ్య చెప్పగా విన్నప్పటి నుంచీ యుద్ధకాలపు వస్తువులంటే నాకు ప్రాణం. కొట్టాయన "పెట్టుకుని ఫోటో దిగండి బాబూ" అన్నాడు. పెట్టుకున్నాను. గాలిని వడకట్టే ఫిల్టర్ డబ్బాలో ఆస్‌బెస్టాస్ అనే ప్రమాదకరమైన పీచు ఉంటుందని అప్పటికి నాకు తెలియదు.

అందుకే ఎవరడిగినా ముందు ఫిల్టర్ సంగతే చెబుతాను. జీపీ-5 ఫిల్టర్లలోనూ, రెండో ప్రపంచ యుద్ధం నాటి చాలా బ్రిటిష్ మాస్కుల్లోనూ సన్నటి పొగ కణాలను ఆపడానికి ఆ పీచునే వాడారు. అది ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేసరికి 20, 30 ఏళ్ళు దాటిపోవచ్చు. బడుల్లో పిల్లలకు ఆ పాత మాస్కులు తొడగవద్దని 2014లో బ్రిటన్ భద్రతా అధికారులే చెప్పారు.

ఫిల్టర్ లేని మాస్క్ దొరికితే అదే కొనండి. ఫిల్టర్ ఉంటే డబ్బాను ఊపకండి, ఊది చూడకండి. తుప్పుతో చిల్లు పడినా, సొట్టపోయినా ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. డబ్బా గట్టిగా ఉంటే గ్లౌజులు వేసుకుని, మెల్లగా మర తిప్పి ఊడదీసి, రెండు వైపులా టేపు అంటించండి. రెండు మందపాటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, లోపల ఏముందో పైన రాయండి. డబ్బా ఊడిరాని రకమైతే మొత్తం మాస్కునే అద్దాల పెట్టెలో మూసి ఉంచండి. దుమ్ము కనిపిస్తే చీపురు వద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. తడిగుడ్డతో అద్ది, ఆ గుడ్డను కూడా కవర్లో కట్టేయండి. మాస్కుతో వచ్చిన గుడ్డసంచిని దులపకండి, అందులోనూ ఆ పీచు ఉండొచ్చు.

ఇక రబ్బరు. ఫిల్టర్ తీసేశాక ముఖం భాగాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మెరుపు కోసం కొబ్బరినూనె రాస్తే రబ్బరు మెత్తబడి పాడవుతుంది. మన సముద్రపు తేమకు బూజు త్వరగా పడుతుంది కాబట్టి లోపల తెల్లకాగితం కూరి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెడతాను. వానాకాలంలో నెలకోసారి మారుస్తాను.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు మేం గోపాలపట్నంలో ఉన్నాం. పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చి, "మీ దగ్గర మాస్కులున్నాయిగా బాబూ, పిల్లాడికొకటి ఇయ్యి" అన్నారు. ఐదున్నాయి. ఒక్కటీ ఇవ్వలేదు. విషవాయువును పీల్చుకోవడానికి ఫిల్టర్‌లో పోసిన బొగ్గు ఏళ్ళ తరబడి తేమ పీల్చింది, అది దేన్నీ ఆపుతుందన్న నమ్మకం లేదు, పైగా ఆ ఆస్‌బెస్టాస్ పీచు. బీరువాకు తాళం వేసి, పిల్లాడి ముక్కుకు తడి తువ్వాలు చుట్టి, బండి మీద వాళ్ళిద్దరినీ ఊళ్ళోకి తీసుకెళ్ళాను.