ఈఎంఆర్‌లో ఫైలు ఎక్కట్లేదా, ఎక్కినా తెరుచుకోవట్లేదా?

ఈఎంఆర్ అంటే ఆసుపత్రి కంప్యూటర్లో ఉంచే పేషెంట్ రికార్డు. అందులో ల్యాబ్ రిపోర్టో, గాయం ఫొటోనో, స్కాన్ సీడీనో ఎక్కించబోతే ఆగిపోయిందనుకోండి. చాలామంది వెంటనే సెట్టింగుల్లో వేలు పెడతారు. అసలు ఆ ఫైలు తమ కంప్యూటర్లో తెరుచుకుంటోందా అని మాత్రం చూడరు. దయచేసి ముందు ఆ పని చెయ్యండి. నేను చెప్పేది ఓపెన్‌ఈఎంఆర్ అనే సాఫ్ట్‌వేర్ గురించి. వేరే సాఫ్ట్‌వేర్లలో మెనూ పేర్లు మారతాయి గానీ తంటాలు ఇవే.

అప్‌లోడ్ నొక్కితే పేజీ మళ్లీ వస్తుంది, ఫైలు ఉండదు

సైజు చూడండి. ఎవరూ మార్చకపోతే పీహెచ్‌పీ (ఓపెన్‌ఈఎంఆర్‌ను నడిపించే ప్రోగ్రామింగ్ భాష) ఒక ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ వరకే ఒప్పుకుంటుంది. ఆ 8 దాటితే ఫైలుతో పాటు ఫారంలో నింపినదంతా వదిలేస్తుంది. అందుకే ఒక్కోసారి సైజు మాటే ఎత్తకుండా సంబంధం లేని ఎర్రర్ చూపిస్తుంది. 413 (ఫైలు మరీ పెద్దదనే ఎర్రర్) అని వస్తే, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాన్ని చూడండి, దాని సొంత పరిమితి 1 ఎంబీ. సర్వర్ ఉబుంటు (ఒక లినక్స్ రకం) అయితే టెర్మినల్‌కు ఒక పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు, వెబ్ సర్వర్‌కు ఇంకొకటి ఉంటాయి. మార్చాల్సింది రెండోది, మార్చాక సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలి.

ఈ రకం ఫైలు కుదరదంటుంది, లేదా ఎక్కాక తెరుచుకోదు

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. వైట్‌లిస్ట్‌లో (ఏ రకం ఫైళ్లను ఒప్పుకోవాలో చెప్పే జాబితాలో) పీడీఎఫ్ ఉంది, ఫైలు పేరు చివర పీడీఎఫ్ ఉంది, అయినా వద్దంటుంది. ఎందుకంటే వైట్‌లిస్ట్ చూసేది పేరును కాదు, ఫైలు లోపలి మొదటి కొన్ని బైట్లను.

ఎక్కువగా దొరికేది ఇలా ఉంటుంది. ల్యాబ్ పోర్టల్‌లో లాగిన్ గడువు అయిపోయాక రిపోర్టు డౌన్‌లోడ్ నొక్కితే, వచ్చేది లాగిన్ పేజీ. సేవ్ అయ్యేది మాత్రం రిపోర్టు పేరుతోనే, చివర పీడీఎఫ్ తగిలించుకుని. వైట్‌లిస్ట్ ఆపేసిన చోట ఇది నిక్షేపంగా ఎక్కేస్తుంది. వారం తర్వాత డాక్టర్ తెరిస్తే రిపోర్టు లేదు. వేర్వేరు పేషెంట్ల రిపోర్టులన్నీ ఒకే సైజులో, కొద్ది కేబీల్లో ఉంటే అనుమానించాల్సిందే.

రెండోది ఐఫోన్ ఫొటో. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కెమెరా హెచ్‌ఈఐసీ రకంలో తీస్తుంది. అది ఎక్కకపోతే రిసెప్షన్‌లో ఎవరో పేరు చివర జేపీజీ అని మార్చేస్తారు. పేరు మారింది, ఫైలు మారలేదు. ఎక్కినా క్రోమ్‌లో బొమ్మ కనబడదు.

తేల్చుకోవడం తేలిక. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. అసలు పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, పక్కనే పీడీఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే అది వెబ్ పేజీ. పి, కె అక్షరాలతో మొదలైతే జిప్ లేదా వర్డ్ ఫైలు. సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి, సేవ్ చేస్తే మంచి ఫైలు కూడా పాడవుతుంది.

వెబ్ పేజీ అయితే మళ్లీ లాగినై రిపోర్టు తెచ్చుకోండి. హెచ్‌ఈఐసీని కన్వర్టర్‌తో జేపీజీ చెయ్యండి. ఇకమీదట ఆ గొడవ లేకుండా ఫోన్ సెట్టింగుల్లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. వైట్‌లిస్ట్‌ను మాత్రం ఆపొద్దు. రోగుల రికార్డులున్న సర్వర్‌లోకి ఏ ఫైలైనా రానిస్తే దాడి చేసేవాడి స్క్రిప్టూ వస్తుంది.

ఇంకో మాట. ఓపెన్‌ఈఎంఆర్ డాక్యుమెంట్లను ఎన్‌క్రిప్ట్ చేసి దాచగలదు. అది ఆన్‌లో ఉన్నప్పుడు సర్వర్ ఫోల్డర్‌లోని కాపీని నేరుగా తెరిస్తే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారుపడకండి. సాఫ్ట్‌వేర్‌లోంచి డౌన్‌లోడ్ చేసుకుని చూడండి.

స్కాన్ సీడీ ఎక్కించాం, బొమ్మ రాలేదు

డైకామ్‌డిర్ అనే ఫైలు ఎక్కించి ఉంటారు. అది విషయసూచిక మాత్రమే. బొమ్మలు పక్క ఫోల్డర్లలో, చాలాసార్లు ఎక్స్‌టెన్షన్ లేకుండా ఉంటాయి. డైకామ్ (స్కాన్ బొమ్మల ఫార్మాట్) ఫైల్లో మొదటి 128 బైట్లు సాధారణంగా ఖాళీ, ఆ వెంటనే డి, ఐ, సి, ఎం అక్షరాలు. డైకామ్‌డిర్‌లోనూ అవే ఉంటాయి కాబట్టి దాన్ని వదిలేసి, అవి కనిపించిన మిగతా ఫైళ్లను ఎక్కించండి.

మిగతావి

డిస్క్ నిండిపోవడం, బ్యాకప్ నుంచి తెచ్చాక డాక్యుమెంట్ల ఫోల్డర్ వెబ్ సర్వర్ యూజర్ పేరు మీద లేకపోవడం, యాంటీవైరస్ పట్టేయడం. ఇవి అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.