స్టాంపు ఆల్బమ్ పేజీలు ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా?

బజారులో దొరికే ఆల్బమ్‌లో గళ్లు మన సేకరణకు సరిపోవడం అరుదు. ఎ4 ప్రింటర్, మిల్లీమీటర్ల స్కేలు, కంప్యూటర్లో బొమ్మలు గీసుకోవడానికి ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ డ్రా ప్రోగ్రాం ఉంటే కావలసిన పేజీ మనమే వేసుకోవచ్చు. స్వతంత్ర భారతదేశపు తొలి మూడు స్టాంపులతో మొదలుపెడదాం. 3½ అణాల జాతీయ పతాకం 1947 నవంబరు 21న వచ్చింది. 1½ అణాల అశోక స్తంభ శీర్షం, 12 అణాల విమానం అదే ఏడాది డిసెంబరు 15న వచ్చాయి. అందుకే పై వరుసలో పతాకం ఒక్కటే, కింది వరుసలో మిగతా రెండూ.

ముందు కొలతలు

స్టాంపును పట్టకారుతో పట్టుకుని, పర్ఫరేషన్ (అంచు చిల్లులు) పళ్ల కొన నుంచి కొన దాకా కొలవండి. లోపలి బొమ్మను మాత్రమే కొలిస్తే గడి చిన్నదైపోతుంది. ఒకే సెట్‌లోవైనా ప్రతి స్టాంపునూ విడిగా కొలవాలి. కొలతకు రెండు వైపులా 2 మి.మీ. చొప్పున కలిపితే మౌంట్, అంటే స్టాంపును దూర్చి పేజీకి అంటించే పారదర్శక తొడుగు, కొలత వస్తుంది. దానికి మళ్లీ ఒక్కో వైపు 1 మి.మీ. కలిపితే గడి కొలత. స్టాంపు వెడల్పు 40 మి.మీ. అనుకుంటే మౌంట్ 44, గడి 46. వాడిన స్టాంపులకు హింజ్ (స్టాంపు వెనక అంటించే చిన్న జిగురు కాగితపు ముక్క) చాలు, అప్పుడు గడి 44 ఉంటే సరి. జిగురు చెక్కుచెదరని కొత్త స్టాంపుకు హింజ్ అంటించవద్దు. దాని గుర్తు జిగురు మీద ఉండిపోయి విలువ తగ్గుతుంది.

పేజీ వేయడం

డ్రాలో పేజీని ఎ4 నిలువుగా, కొలమానాన్ని మిల్లీమీటర్లలో పెట్టండి. ఎడమ అంచు 30, కుడి అంచు 15 మి.మీ. వదలండి. మామూలు రెండు రంధ్రాల పంచ్ కాగితం అంచుకు 12 మి.మీ. దూరంలో, 80 మి.మీ. ఎడంతో రంధ్రాలు వేస్తుంది కాబట్టి ఎడమ వైపు ఆ మాత్రం చోటు కావాలి.

చాలామంది తప్పేది ఇక్కడే. గడిని కాగితం మధ్యకు, అంటే 105 మి.మీ. దగ్గరకు జరుపుతారు. బైండర్‌లో పెట్టాక అది ఎడమకు ఒరిగినట్టు కనిపిస్తుంది. మనకు మిగిలిన వెడల్పు 165 మి.మీ., దాని మధ్య 112.5 దగ్గర ఉంది. 46 మి.మీ. గడి కాగితం ఎడమ అంచు నుంచి 89.5 దగ్గర మొదలవ్వాలి. ఎఫ్4 నొక్కితే వచ్చే పెట్టెలో ఈ అంకె నేరుగా టైప్ చేయండి. మౌస్‌తో లాగితే అంత కచ్చితంగా కుదరదు. కింది వరుసకు రెండు గళ్ల వెడల్పులు, మధ్యలో 12 మి.మీ. ఖాళీ కలిపి, ఆ మొత్తాన్ని ఇలాగే మధ్యకు తీసుకోండి.

గడి గీత 0.5 పాయింట్ల మందంతో, బూడిద రంగులో చాలు. ముదురు గీత స్టాంపును మింగేస్తుంది. పేజీ చుట్టూ అలంకారపు చట్రం వద్దు. ప్రింటర్ కాగితాన్ని కాస్త ఏటవాలుగా లాగినా ఆ వంకర చట్రం మీదే మొదట కనిపిస్తుంది. శీర్షిక 16 పాయింట్లు, గడి కింది వివరం 9 పాయింట్లు బాగుంటాయి. తెలుగు ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల ఎడం పెంచండి.

కాగితం, ముద్రణ

మామూలు జెరాక్స్ కాగితం స్టాంపుల బరువుకు వంగిపోతుంది. ప్యాకెట్ మీద యాసిడ్-ఫ్రీ అని రాసి ఉన్న 160 నుంచి 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం తీసుకోండి. ఆమ్లం ఉన్న కాగితం పసుపెక్కి స్టాంపునూ పాడుచేస్తుంది. వెనక ట్రే ఉన్న ప్రింటరైతే దానిలోంచే పంపండి. ముందు ట్రే కాగితాన్ని గుండ్రంగా తిప్పుతుంది కనుక మందపాటిది ఇరుక్కుంటుంది. ప్రింటర్ ఎంత మందం వరకు తీసుకుంటుందో దాని పుస్తకంలో ముందే చూసుకోవాలి.

పీడీఎఫ్ చేసుకుని, ముద్రణ సెట్టింగులో అసలు కొలత, అంటే 100 శాతం ఎంచుకోండి. ‘పేజీకి సరిపెట్టు’ అన్నది ఉంచితే 97 శాతానికి కుదించినా 46 మి.మీ. గడి 44.6 అవుతుంది, మౌంట్ దాదాపు గీతలకు తగిలేలా ఉంటుంది. ముందు జెరాక్స్ కాగితం మీద ఒకటి తీసి, మూలలో వేసిన 100 మి.మీ. గీతను స్కేలుతో కొలిచి చూడండి.

ఇంక్‌జెట్ ముద్రణను ఒక రోజంతా ఆరనిచ్చాకే స్టాంపులు పెట్టండి. తేమ తగిలితే కొన్ని ఇంకులు పాకుతాయి. ఆ భయం లేజర్ టోనర్‌తో తక్కువ. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలం ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. పేజీలకు కవర్లు వేస్తే పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. మెత్తటి పీవీసీ కవర్లలో కలిపే రసాయనాలు స్టాంపు రంగును దెబ్బతీస్తాయి.

పేజీ నంబర్లు మాత్రం ముద్రించవద్దు. రేపు 1948 నాటి గాంధీ స్టాంపులు దొరికితే కొత్త పేజీని మధ్యలో చేర్చాల్సి వస్తుంది. పై మూలలో సంవత్సరం వేస్తే వరుస దానంతటదే తెలుస్తుంది.