మునుగుతున్న ప్రాజెక్టులో ఇరుక్కుపోయారా? పేపర్లు పెట్టే (రాజీనామా చేసే) ముందు ఏం చేయాలి?

డెడ్‌లైన్ ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. క్లయింట్‌కు కావాల్సిందేమిటో ఎక్కడా సరిగ్గా రాసి లేదు. అయినా సోమవారం కాల్‌లో మేనేజర్ మాత్రం స్టేటస్ గ్రీన్, అంటే అంతా సవ్యంగానే ఉంది అనే చెబుతారు. హైటెక్ సిటీలోనైనా, డాలస్‌లోనైనా ఐటీ ఉద్యోగులకు ఇది తెలిసిన కథే. ఇలాంటి ప్రాజెక్టును ఐటీ వాళ్లు పుచ్చకాయ అంటారు: పైకి పచ్చ, కోస్తే ఎరుపు. దాన్ని నిలబెట్టడం ఒక్క ఇంజినీరు వల్ల అయ్యే పని కాదు. ఆ నింద మీ అప్రైజల్ మీద పడకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది.

1. తేడా ఎక్కడుందో తేల్చుకోండి

కోపంలో ఉన్నప్పుడు తప్పంతా మేనేజర్‌దే అనిపిస్తుంది. ఒక్కోసారి నిజంగానే అంతే. కానీ చాలాచోట్ల సేల్స్ టీమ్ ఒప్పుకుని వచ్చిన తేదీయే జరిగేది కాదు. కాదనలేక మేనేజర్ దాన్ని మీ నెత్తిన పెడతారు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి హడావుడిగా జనాన్ని దించడం ఇంకో పాత జబ్బు. అలా మనుషుల్ని కలిపితే పని ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది మీరే, మీ పని మీకు అలాగే ఉంటుంది మరి.

2. నోటిమాటను రాతలో పెట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కాల్‌లో 'శుక్రవారానికి ఇచ్చేద్దాం' అంటారు. మీరు మొహమాటానికి సరేనంటారు. శుక్రవారానికి పని అవ్వదు. పైవాళ్లకు వెళ్లే ఫిర్యాదు (ఎస్కలేషన్) మెయిల్‌లో మీ పేరు కనిపిస్తుంది. అందుకే కాల్ అయిన వెంటనే ఒక మెయిల్ పెట్టండి. ఎలాగూ ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి సారాంశం చెబుతాను:

'సర్, ఇందాక అనుకున్నట్టు పేమెంట్ మాడ్యూల్ శుక్రవారానికి ఇవ్వాలంటే టెస్ట్ సర్వర్ బుధవారం ఉదయానికి అందాలి. అది ఎన్ని రోజులు ఆలస్యమైతే మాడ్యూల్ కూడా అన్ని రోజులు ఆలస్యమవుతుంది. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పండి.'

ఇందులో ఫిర్యాదు లేదు, కోపం లేదు. షరతు మాత్రం రాతలో ఉంది. రేపు ఎవరు అడిగినా చూపించవచ్చు.

ఈ మెయిళ్లు ఆఫీసు మెయిల్‌లోనే ఉండనివ్వండి. కోడ్, క్లయింట్ ఫైళ్లు సొంత జీమెయిల్‌కు పంపుకుంటే ఉద్యోగం పోవచ్చు, కేసు కూడా కావచ్చు. పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్లు, ఫారం-16 మీవే కాబట్టి వాటిని ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

3. నలుగురిలో కాదు, విడిగా మాట్లాడండి

స్టాండప్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో) అందరి ముందు నిలదీస్తే ఏ మేనేజరైనా తన పంతమే నెగ్గించుకోవాలని చూస్తారు. విడిగా అరగంట అడగండి. 'ఇది అవ్వదు' అనే బదులు 'ఈ మూడు ఫీచర్లలో నెలాఖరుకు రెండు అవుతాయి, ఏవి ముందు కావాలో చెప్పండి' అనండి. అప్పుడు నిర్ణయం ఆయనది అవుతుంది. అయినా మార్పు లేకపోతే ఆయన పైవాళ్లను కలవండి. అక్కడ తేదీలు, మెయిళ్లు చూపించండి, మనిషిని తిట్టకండి. అరుపులు, అవమానాలు, వేధింపులు ఉంటే మాత్రం ఆగనక్కర్లేదు. నేరుగా హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

4. నిద్ర పట్టడం లేదంటే తేలిగ్గా తీసుకోకండి

ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, రాత్రి రెండింటికి లేచి లాప్‌టాప్ చూసుకోవడం మామూలు టెన్షన్ కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

5. వెళ్లాలనుకుంటే లెక్క చూసుకోండి

ముందు ఆఫర్ లెటర్ తీసి నోటీస్ పీరియడ్ చూడండి. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల 90 రోజులు ఉంటుంది. చేరి దాదాపు 5 ఏళ్లు కావస్తుంటే తొందరపడకండి. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే 5 ఏళ్ల సర్వీసు ఉండాలి. నోటీస్‌లో పనిచేసిన రోజులూ కలుస్తాయి గానీ, కంపెనీ ముందే రిలీవ్ చేస్తే లెక్క తప్పుతుంది. ఐదేళ్లు నిండాకే పేపర్లు పెట్టడం మేలు. పీఎఫ్‌ను విత్‌డ్రా చేయకుండా అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) కింద కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. అమెరికాలో హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉద్యోగం ఆగిన రోజు నుంచి మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే ఉంటాయి. కొత్త కంపెనీ మీ పేరున హెచ్-1బి పిటిషన్ వేశాకే పాతది వదలండి.

ఇంటర్వ్యూలో 'ఎందుకు మారుతున్నారు?' అని తప్పకుండా అడుగుతారు. పాత మేనేజర్ మీద చాడీలు చెప్పకండి. ఆ ప్రాజెక్టులో మీరు చేసిన మాడ్యూల్ గురించి, మీరు ముందే పసిగట్టి రాతలో హెచ్చరించిన ఇబ్బంది గురించి క్లయింట్ పేరు తీయకుండా చెప్పండి.