లినక్స్ చివరన, ఫైళ్లు మొదట: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారే పద్ధతి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకునేవారిలో చాలామంది మొట్టమొదట ఆపరేటింగ్ సిస్టమ్ మీదే చేయి వేస్తారు. ఒక సెలవురోజు చూసుకుని కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి లినక్స్ ఎక్కిస్తారు. వారం తిరగకముందే ప్రింటర్ మొరాయించి, పాత డాక్యుమెంట్ల పేజీలు చెదిరిపోయి, ఏ పాస్‌వర్డ్ ఎక్కడ దాచారో గుర్తురాక, మళ్లీ పాత గూటికే చేరుతారు. ఈ వరసను తిరగవేయడం మంచిదని నా అభిప్రాయం. ముందుగా మీ ఫైళ్లను ఏ ప్రోగ్రామైనా తెరవగలిగే ఫార్మాట్లలోకి తెచ్చుకోవాలి, తరువాత ఇప్పుడున్న కంప్యూటర్ మీదే ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మార్చుకోవాలి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అన్నిటికన్నా చివర మార్చాలి.

ఒక ప్రోగ్రాము స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అవునో కాదో తేల్చుకోవడానికి దాని లైసెన్సు చూస్తే చాలు. ఏ అవసరానికైనా వాడుకోవడం, సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూలరూపం) చదివి మార్చుకోవడం, నకళ్లు పంచడం, తాను మార్చిన రూపాన్ని కూడా పంచడం అనే నాలుగు హక్కులూ వాడుకరికి ఉండాలి. అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో, పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించి మొదలుపెట్టిన ఉద్యమం కోరేది ఇదే. 1989లో వెలువడిన జీపీఎల్ (గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్) ఈ హక్కులను కాపీరైటు చట్టం ఆసరాతోనే నిలబెట్టింది. అయితే మనలో ఎక్కువమంది కూర్చుని కోడ్ చదవరు గనుక లైసెన్సుతో పాటు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ ప్రోగ్రాము రేపు మూతపడితే నా ఫైళ్లు మరో చోట తెరుచుకుంటాయా? వేర్వేరు సైట్లలో వచ్చే కొత్త రాతలను ఒకేచోట చూపే గూగుల్ రీడర్ సేవ 2013 జులై 1న మూతపడింది. తాము చదివే సైట్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దింపుకున్నవారు దానిని మరో రీడర్‌లోకి ఎక్కించుకుని చదవడం కొనసాగించగలిగారు, ఎందుకంటే ఆ జాబితా ఫార్మాట్‌కూ సైట్లు తమ కొత్త రాతలను అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లకూ ఏ ఒక్క కంపెనీ యజమాని కాదు. గూగుల్ రీడర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, అయినా బయటపడే దారి ఉంది. లైసెన్సు బాగుండి కూడా ఎక్స్‌పోర్ట్ సదుపాయం సరిగా లేని ప్రోగ్రాములు ఉన్నాయి. అటువంటివాటిని ఎంచుకోవడానికి నేను తొందరపడను.

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీరు వారం రోజుల్లో కంప్యూటర్‌తోనూ ఫోనుతోనూ చేసే పనులన్నీ రాయండి. ప్రతి పనికీ ఎదురుగా ఆ సమాచారం ఎక్కడ ఉందో, ఏ ఫార్మాట్‌లో ఉందో, దానిని బయటికి తీసే మార్గం ఏమిటో రాయండి. మూడో గడి ఖాళీగా మిగిలిన పనులే మీకు అసలు చిక్కులు.

ఇక సమాచారాన్ని బయటికి తీయడం. ఫోన్ నంబర్ల జాబితాను వీకార్డ్ ఫైలుగానూ, క్యాలెండర్‌ను ఐక్యాలెండర్ ఫైలుగానూ దింపుకోవచ్చు. ఈ రెండూ ఎన్నో ప్రోగ్రాములకు తెలిసిన ఫార్మాట్లు. మెయిల్‌కు ఐమ్యాప్ సదుపాయం (వేరే ప్రోగ్రాము నుంచి మెయిల్ చదవనిచ్చే పద్ధతి) ఉంటే, థండర్‌బర్డ్ అనే స్వేచ్ఛా మెయిల్ ప్రోగ్రాములో ఖాతా చేర్చి, ఉత్తరాలన్నిటినీ మీ కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి. వీలుంటే సొంత డొమైన్ పేరు (చిరునామాలో @ తరువాత వచ్చే భాగం) మీద మెయిల్ చిరునామా పెట్టుకోవడం మంచిది, అప్పుడు సేవ అందించే సంస్థను మార్చినా మీ చిరునామా మారదు. ఫోటోల విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. గూగుల్ టేక్‌అవుట్ ద్వారా ఫోటోలను దింపుకున్నప్పుడు తేదీ, ప్రదేశం వంటి వివరాలు ప్రతి ఫోటో పక్కన వేరే జేసన్ ఫైళ్లలో వస్తాయి. చెత్త అనుకుని వాటిని తీసేస్తే, మీరు ఆ సేవలోకి వెళ్లి సరిదిద్దుకున్న తేదీలూ రాసుకున్న వివరణలూ వాటితోనే పోతాయి. ఆ వివరాలను ఫోటోలోకే చేర్చే స్వేచ్ఛా సాధనాలు ఉన్నాయి, ఎగ్జిఫ్‌టూల్ అందులో ఒకటి. తెలుగులో రాసేవారు మరొక సంగతి చూసుకోవాలి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేత పద్ధతి) కాని పాత ఫాంట్లతో టైపు చేసిన డాక్యుమెంట్లు ఆ ఫాంటు లేని చోట అర్థంలేని అక్షరాలుగా కనబడతాయి కాబట్టి, పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తూ ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో పేజీ చదివి సరిచూసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పని, కానీ తరువాత చేద్దామనుకుంటే మరింత కష్టమవుతుంది.

పాస్‌వర్డ్‌లకు కీపాస్ ఎక్స్‌సీ వాడవచ్చు. అది పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక్క ప్రధాన పాస్‌వర్డ్‌తో తాళం వేసి మీ కంప్యూటర్‌లోనే దాచే ప్రోగ్రాము. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైలుగా దింపి, అందులోకి ఎక్కించండి. ఆ సీఎస్‌వీ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి గనుక, పని ముగియగానే దానిని చెత్తబుట్టలో నుంచి కూడా తొలగించాలి. ప్రధాన పాస్‌వర్డ్ మరచిపోతే తిరిగి ఇచ్చే సంస్థ ఏదీ ఉండదు, కాబట్టి దానిని కాగితం మీద రాసి భద్రమైన చోట పెట్టండి.

తరువాతి దశలో ప్రోగ్రాములను మార్చాలి. లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనులకు), ఫైర్‌ఫాక్స్ (బ్రౌజర్), థండర్‌బర్డ్, వీఎల్‌సీ (వీడియోలకు), గింప్ (ఫోటోలు దిద్దడానికి), ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీయడానికి) అన్నీ విండోస్ మీద కూడా నడుస్తాయి. వీటికి అలవాటు పడ్డాక లినక్స్‌కు మారితే రోజూ చూసే తెరలు చాలావరకు అవే ఉంటాయి. ఒకేసారి అన్నీ మార్చకండి. లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీఎఫ్ 2006లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంగా గుర్తింపు పొందింది. మీ మూలప్రతులను అందులోనే దాచి, చదవడానికి మాత్రమే పంపేవాటిని పీడీఎఫ్‌గా, అవతలివారు దిద్దవలసినవాటిని డాక్స్‌గా పంపండి. ఒకే డాక్యుమెంటును రెండు ప్రోగ్రాముల మధ్య పదే పదే అటూ ఇటూ తిప్పితే పట్టికలూ మార్జిన్లూ చెదురుతాయి. చాలాసార్లు పేజీలు మారిపోవడానికి కారణం ప్రోగ్రాము కాదు, ఫాంటు. క్యాలిబ్రి స్థానంలో కార్లిటో, క్యాంబ్రియా స్థానంలో క్యాలడియా, ఏరియల్ స్థానంలో లిబరేషన్ శాన్స్ ఎక్కించుకుంటే అక్షరాల వెడల్పులు సరిపోయి పంక్తులు ఉన్నచోటే ఉంటాయి. పెద్ద మాక్రోలతో (ఫైలులోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములతో) నిండిన ఎక్సెల్ ఫైళ్లు ఇంత తేలికగా లొంగవు. ఉద్యోగం వాటి మీద ఆధారపడి ఉంటే ఆ ఒక్క పనికీ పాత ప్రోగ్రామునే ఉంచుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఫోను గురించి నాకు అంత ధీమా లేదు. ఆండ్రాయిడ్‌లో ఎఫ్‌-డ్రాయిడ్ అనే భాండాగారం నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లు దింపుకోవచ్చు. పాడ్‌కాస్ట్‌లకు యాంటెనాపాడ్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా దారి చూపే ఆర్గానిక్ మ్యాప్స్, రెండో అంచె ధ్రువీకరణ సంకేతాలకు ఏజిస్ బాగా పనిచేస్తాయి. బ్యాంకు యాప్‌లకు మాత్రం అటువంటి ప్రత్యామ్నాయం దొరకదు, పైగా మార్చిన ఆండ్రాయిడ్ మీద కొన్ని బ్యాంకు యాప్‌లు నడవడానికే నిరాకరిస్తాయి. అందువల్ల డబ్బు వ్యవహారాలు చూసే ఫోనులో సిస్టమ్ మార్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. సందేశాల యాప్ మారాలంటే మీ ఒక్కరి నిర్ణయం సరిపోదు, అవతలివారు కూడా మారాలి. దగ్గరివారు నలుగురు సిగ్నల్ అనే స్వేచ్ఛా సందేశాల యాప్‌లోకి వస్తే చాలనుకుని, మిగిలినవారి కోసం పాత యాప్‌ను ఉంచుకోండి. సిద్ధాంతం పేరుతో బంధువుల ఫోన్ల మీద దండెత్తేవారి వల్ల ఈ ఉద్యమానికి మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది.

ఇవన్నీ కుదుటపడ్డాక ఆపరేటింగ్ సిస్టమ్ వంతు వస్తుంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ ఉన్నవారికి ఇది వెంటనే పనికొస్తుంది. లినక్స్ రకాల్లో లినక్స్ మింట్ గానీ డెబియన్ (లైవ్ రూపం) గానీ ఎంచుకుని, మొత్తం సిస్టమ్ ఉండే ఐఎస్ఓ ఫైలును దింపి, దాని షా-256 సంఖ్య (ఫైలుకు వేలిముద్ర వంటిది) వెబ్‌సైటులో ఇచ్చిన సంఖ్యతో సరిపోతోందో లేదో చూశాక, రూఫస్ వంటి ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ మీద రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ వంటి మీటల్లో మీ యంత్రానికి వర్తించేది నొక్కితే, ఏ డ్రైవ్ నుంచి మొదలుపెట్టాలో ఎంచుకునే పట్టిక గానీ సెట్టింగులు గానీ తెరుచుకుంటాయి.

పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు హార్డ్ డిస్కులో ఏమీ మారదు, కాబట్టి పరీక్షలన్నీ అప్పుడే చేయాలి. వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్, తెర వెలుతురు, మూత వేసి తెరిస్తే మేలుకోవడం, తెలుగు టైపింగ్ వరుసగా చూడండి. వైఫై చిప్‌లలో చాలావాటికి స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము) అవసరమవుతుంది. డెబియన్ సభ్యులు దీని మీద 2022లో ఓటు వేశారు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు. ఇది రాజీ అని బాధపడేవారు ఉన్నారు, వారి బాధలో న్యాయం కూడా ఉంది. కానీ నెట్ లేని కంప్యూటర్‌తో కొత్తవారు ఎంతకాలమో వేగలేరు.

పరీక్షలు నెగ్గితే ఇన్‌స్టాల్ చేయవచ్చు. మొదట కొన్ని నెలలు విండోస్ పక్కనే పెట్టుకోవడం మేలు. డిస్కును విభజించే ముందు ఫైళ్లన్నిటికీ బయటి డిస్కులో నకలు తీసి, ఆ నకలులో నుంచి రెండు మూడు ఫైళ్లను నిజంగా తెరిచి చూడండి. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే బూట్ అమరిక (కంప్యూటర్ మొదలయ్యే తీరు) మారిన తరువాత విండోస్ ఆ కీ అడిగి ఆగిపోవచ్చు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను (కంప్యూటర్‌ను పూర్తిగా ఆపకుండా వేగంగా తిరిగి మొదలుపెట్టే సదుపాయం) కూడా ఆపివేయండి, ఎందుకంటే అది ఆన్‌లో ఉన్నంతకాలం లినక్స్ ఆ విభాగంలో సురక్షితంగా రాయలేదు.

వాడుతూ ఉంటే లోపాలు కనబడతాయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించే సాధనం) లాగిన్‌లు అర సెకను ఆలస్యమవుతున్నాయని గమనించి తవ్వుకుంటూ వెళ్లి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దాచిన దొంగదారిని బయటపెట్టాడు. కోడ్ తెరిచి ఉన్నందువల్ల అతను చూడగలిగాడు. ఆ లైబ్రరీ భారమంతా దాదాపు ఒక్క స్వచ్ఛంద కార్యకర్త మీదే ఉన్నందువల్ల ఆ దొంగదారి లోపలికి రాగలిగింది. మనం అంత లోతుకు వెళ్లనవసరం లేదు గానీ, కనబడిన లోపాన్ని ఆ ప్రాజెక్టు వారికి తెలియజేయడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. ముందుగా అదే లోపాన్ని ఇంకెవరైనా రాశారేమో వెతకండి. లేకపోతే ప్రోగ్రాము వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, ఏయే మెట్లు వరుసగా చేస్తే లోపం కనబడుతోందో, మీరు ఏమి ఆశించారో, నిజానికి ఏమి జరిగిందో రాయండి. ఒక్కో నివేదికలో ఒక్క లోపమే ఉండాలి, ఫిర్యాదు స్వరం ఉండకూడదు. లోపం ఒక ఫైలు తెరిచినప్పుడే వస్తూ ఉంటే, సొంత సమాచారం తీసేసి అదే లోపం చూపే చిన్న నమూనా ఫైలును జత చేయండి.