రైతు కంపెనీల వార్షిక ఫారాలు: పీడీఎఫ్ పోయి వెబ్ ఫారం వచ్చాక దాఖలు చేసే విధానం

కంపెనీల చట్టం కింద నమోదైన రైతు ఉత్పత్తిదారుల సంస్థలు ఏటా కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖకు పంపాల్సిన ఫారాలు 2025 జులై 14 నుంచి పూర్తిగా వెబ్‌లోకి మారాయి. అంతకుముందు ఖాళీ ఫారాన్ని పీడీఎఫ్‌గా దింపుకుని, అడోబ్ రీడర్‌లో తీరిగ్గా నింపి, డిజిటల్ సంతకం పెట్టి అప్‌లోడ్ చేసేవారు. ఆ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ఎంసీఏ21లో రెండో వెర్షన్ కాబట్టి వీ2గా పిలిచే ఆ ఏర్పాటు 2013 నుంచి నడిచింది. ఎల్ఎల్‌పీల (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల) ఫారాలు 2022 మార్చిలో, కంపెనీల ఫారాలు కొన్ని 2023 జనవరిలో కొత్త వెర్షన్ వీ3కి వెళ్లాయి. ఆఖరి విడతలో వెళ్లిన 38 ఫారాల్లోనే మనకు కావాల్సిన ఏడీటీ-1 (ఆడిటర్ నియామకం), ఏఓసీ-4 (ఏడాది లెక్కలు), ఎంజీటీ-7 (సభ్యుల వివరాలతో వార్షిక రిటర్న్) ఉన్నాయి. కిందటేడాది దాచుకున్న పీడీఎఫ్ నింపి పంపుదామంటే ఇక కుదరదు.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు రైతు కంపెనీల్లో చాలావాటికి సొంత అకౌంటెంట్ ఉండరు. సీఈఓనో, బోర్డులో చదువుకున్న ఒక డైరెక్టరో హనుమకొండలోని ఆడిటర్ ఆఫీసుకు కాగితాలు చేరవేస్తుంటారు. ఈ వివరాలు వాళ్ల కోసం. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, దానికి దరఖాస్తు పెట్టిన వాటిలో ఒక రైతు కంపెనీ కూడా ఉంది. అలాంటి కంపెనీ మూడేళ్లు వరుసగా ఫారాలు వేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్లపాటు అనర్హులవుతారు. పంట అమ్మి, వాటాదారులకు లెక్క చెప్పి, ఫారం దగ్గర దెబ్బతినడం న్యాయం కాదు.

గడువులు

మార్చి 31తో ముగిసిన ఆర్థిక సంవత్సరానికి వార్షిక సర్వసభ్య సమావేశం సెప్టెంబరు 30లోపు జరగాలి. ఆ సమావేశంలో ఆడిటర్‌ను నియమిస్తే 15 రోజుల్లో ఏడీటీ-1, సమావేశం జరిగిన 30 రోజుల్లో ఏఓసీ-4, 60 రోజుల్లో ఎంజీటీ-7 వేయాలి. చిన్న కంపెనీలకు ఉండే ఎంజీటీ-7ఏ వర్తిస్తే అది. మీకు ఏది వర్తిస్తుందో ఆడిటర్‌నో కంపెనీ సెక్రటరీనో అడిగి తేల్చుకోండి. సమావేశం సెప్టెంబరు 30న పెట్టుకుంటే ఏఓసీ-4కు ఆఖరు తేదీ అక్టోబరు 30, ఎంజీటీ-7కు నవంబరు 29. మామూలు ఫీజు అధీకృత మూలధనాన్ని బట్టి ఉంటుంది. 5 లక్షల నుంచి 25 లక్షలలోపు ఉన్న కంపెనీకి ఒక్కో ఫారానికి 400 రూపాయలు. గడువు దాటితే ఏఓసీ-4, ఎంజీటీ-7 ఒక్కోదానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది, దానికి పైపరిమితి లేదు. రెండు ఫారాలూ 90 రోజులు ఆలస్యమైతే 18,000 రూపాయలు ఊరికే పోతాయి. కొత్త ఫారాలు వచ్చిన ఏడాది కాబట్టి 2024-25కు అదనపు రుసుము లేకుండా మొదట 2025 డిసెంబరు 31 దాకా వెసులుబాటు ఇచ్చారు. ప్రతి ఏడూ అలాగే ఇస్తారని కూర్చోవద్దు.

లాగిన్‌కు ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

పాత పద్ధతిలో ఫారం మన కంప్యూటర్‌లోనే ఉండేది. సగం నింపి వారం వదిలేసినా అడిగేవారు లేరు. వీ3లో ఫారం సబ్మిట్ కొట్టగానే ఎస్ఆర్ఎన్ (సర్వీస్ రిక్వెస్ట్ నంబరు) పుడుతుంది, అక్కడి నుంచి రోజుల లెక్క మొదలవుతుంది. అందుకే కాగితాలన్నీ చేతికి వచ్చాకే సబ్మిట్ జోలికి వెళ్లాలి.

మొదటిది డిజిటల్ సంతకం. సంతకం చేసే డైరెక్టర్‌కు క్లాస్ 3 డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) టోకెన్ ఉండాలి, దాని గడువు మిగిలి ఉండాలి, దాన్ని పోర్టల్‌లో ఆయన పేరుకు జత (అసోసియేట్) చేసి ఉండాలి. ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు. టోకెన్ రెన్యువల్ చేయించుకుంటే చేతిలో ఉండే పరికరం అదే, లోపలి సర్టిఫికెట్ మాత్రం కొత్తది. దాన్ని మళ్లీ అసోసియేట్ చేయాలి. చేయకపోతే సబ్మిట్ తర్వాత వచ్చే పీడీఎఫ్ మీద సంతకం చక్కగా పడుతుంది, అప్‌లోడ్ దగ్గర తిరస్కరిస్తుంది. అలాగే డైరెక్టర్ గుర్తింపు సంఖ్య (డిన్) 'డీయాక్టివేటెడ్' అని ఉంటే ముందు కేవైసీ పూర్తిచేయాలి. గడువు దాటిన కేవైసీకి 5,000 రూపాయల రుసుము ఉంది. పేరు పాన్‌లో ఒకలా, డీఎస్సీలో ఒకలా ఉన్నా పని ఆగుతుంది. ఇంటిపేరును పూర్తిగా రాశారా, పొడి అక్షరమే వేశారా అన్నది చూసుకోండి.

రెండోది సభ్యుల జాబితా. పది మంది వాటాదారులున్న కంపెనీకి ఇది అరగంట పని. వందల మంది రైతులున్న కంపెనీకి అసలు పనంతా ఇదే. ఎంజీటీ-7లో వాటాదారుల వివరాలు పోర్టల్ ఇచ్చే ఎక్సెల్ టెంప్లేట్‌లోనే ఇవ్వాలి. మీ సొంత ఎక్సెల్ షీట్ పెడితే తీసుకోదు. టెంప్లేట్‌లో నిలువు వరుసలు తీసేయడం, కొత్తవి చేర్చడం, గళ్లు కలిపేయడం చేయకండి. సభ్యుల రిజిస్టర్ నుంచి అతికించేటప్పుడు విలువలు మాత్రమే అతికించండి. మొత్తం వాటాల సంఖ్య బ్యాలెన్స్ షీట్‌లోని చెల్లించిన మూలధనంతో సరిపోవాలి. చనిపోయిన సభ్యుడి వాటా వారసుడి పేరుకు సరిగా మారకుండా ఇద్దరి పేర్లూ ఉండిపోవడం, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతులకు ఒకే ఫోలియో నంబరు పడడం ఇక్కడే బయటపడతాయి. సమావేశం అయిపోయాక కాకుండా ఆగస్టులోనే ఈ జాబితా ముందేసుకుంటే తప్పులు దిద్దుకోవడానికి టైం ఉంటుంది.

మూడోది రిజిస్టర్డ్ ఆఫీసు ఫొటో. కొత్త ఎంజీటీ-7, 7ఏ ఫారాల్లో ఆఫీసు అక్షాంశ రేఖాంశాలు, భవనం బయటి వైపు ఫొటో అడుగుతున్నారు. ఫొటోలో కంపెనీ పేరు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. మన దగ్గర చాలా రైతు కంపెనీల ఆఫీసు ఎవరో ఒక సభ్యుడి ఇంట్లో ముందు గది, లేదంటే ఎరువుల గోదాము పక్క గది. బోర్డు ఉంటే లోపల గోడకో, బీరువా మీదో ఉంటుంది. దాన్ని బయటికి తెచ్చి గుమ్మం పైన బిగించాలి. కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పేరు, చిరునామా ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాష లిపిలోనూ కనబడాలి. కాబట్టి ఇంగ్లిష్ ఒక్కటే రాయించిన బోర్డుకు తెలుగు కూడా చేర్పించండి. అక్షాంశ రేఖాంశాలను ఫోన్ మ్యాపులో ఆఫీసు మీద వేలు నొక్కి పట్టి చూడొచ్చు. వరంగల్, హనుమకొండ పట్టణాల్లో అయితే అక్షాంశం 18కి దగ్గరగా, రేఖాంశం 79 చిల్లర ఉంటుంది. ఈ రెండూ తారుమారు చేసి నింపితే మీ ఆఫీసు ఎక్కడో మంచుసముద్రంలో తేలుతుంది, జాగ్రత్త. ఆఫీసు వేరే చోటికి మారి రికార్డుల్లో పాత చిరునామానే ఉంటే ముందు ఐఎన్‌సీ-22 వేయండి. దానికి మారిన తేదీ నుంచి 30 రోజులు గడువు.

జతచేసే ఫైళ్లు ఒక్కొక్కటి 2 ఎంబీ, అన్నీ కలిపి 10 ఎంబీ దాటకూడదు. ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే పది పేజీలకే అంతకు మించిపోతుంది. నలుపు తెలుపులో, స్కానర్‌తో తీయించండి.

ఏఓసీ-4 నింపడం

లాగిన్ అయ్యాక ఎంసీఏ సర్వీసెస్ మెనూలో కంపెనీ ఈ-ఫైలింగ్, అందులో వార్షిక ఫారాల విభాగానికి వెళ్లి ఏఓసీ-4 తెరవాలి. కంపెనీ గుర్తింపు సంఖ్య (సీఐఎన్) కొట్టగానే పేరు, చిరునామా, మూలధనం వాటంతటవే వస్తాయి. వాటిలో తప్పుంటే ఇక్కడ దిద్దలేరు, సంబంధిత ఫారంతోనే దిద్దాలి. అంకెలు పూర్తి రూపాయల్లో వేయాలి. బ్యాలెన్స్ షీట్ లక్షల్లో ఉంటే రూపాయల్లోకి మార్చి వేయండి. రెండు వైపులా ఒక్క రూపాయి తేడా వచ్చినా ముందుకు పోనివ్వదు.

పాత ఫారంలో ఆడిట్ రిపోర్టు, డైరెక్టర్ల నివేదిక స్కాన్ చేసి జోడిస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ రెండింటి ముఖ్యాంశాలను విడివిడి లింక్ ఫారాల్లో నింపాలి. ఆడిటర్ ఏదైనా లోపం ఎత్తి చూపి ఉంటే ఆ మాట, దానికి బోర్డు ఇచ్చిన వివరణ రెండూ రాయాలి. స్టాక్ రిజిస్టర్ సరిగా లేదని ఆడిటర్ రాస్తే, బోర్డు నివేదికలో దానికి జవాబు లేకుండా ఫారం దగ్గర కూర్చుని అప్పటికప్పుడు అల్లడం పద్ధతి కాదు. నివేదిక రాసేటప్పుడే జవాబు అందులో ఉండాలి. వర్డ్ నుంచి నేరుగా అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులు, డాష్‌లు ఎర్రర్ తెస్తాయి. నోట్‌ప్యాడ్‌లో ఒకసారి వేసి అక్కణ్నుంచి తీసుకోండి. ప్రతి పేజీకీ సేవ్ నొక్కుతూ పోండి, కాసేపు కదలకపోతే లాగిన్ పోతుంది.

సంతకం, అప్‌లోడ్, చెల్లింపు

వెబ్ ఫారం వచ్చినా డెస్క్‌టాప్‌తో పని పూర్తిగా తీరిపోలేదు. సబ్మిట్ చేశాక వచ్చే పీడీఎఫ్‌ను దింపుకుని, విండోస్ కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరిచి, సంతకం గడిలో నొక్కి టోకెన్ పిన్ ఇవ్వాలి. క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరిచి ప్రింట్ కొట్టి మళ్లీ పీడీఎఫ్ చేసినది చెల్లదు. సైజు తగ్గించే సైట్లలో పెట్టినా సంతకం చెడిపోతుంది. ముందు డైరెక్టర్, ఆ తర్వాత ధ్రువీకరించే సీఏనో కంపెనీ సెక్రటరీనో అదే ఫైలు మీద సంతకం పెట్టాలి. ఇద్దరూ వేర్వేరు కాపీల మీద పెడితే లెక్కలోకి రాదు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. టోకెన్, పిన్ రెండూ ఆడిటర్ ఆఫీసులో వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అది మానుకోవాలి. డైరెక్టర్ సంతకం ఆయన చేతిలోనే ఉండాలి.

సంతకాలు పూర్తయిన ఫైలును ఎస్ఆర్ఎన్ వచ్చిన 15 రోజుల్లో అప్‌లోడ్ చేయాలి, లేకుంటే ఆ ఎస్ఆర్ఎన్ రద్దవుతుంది. అప్‌లోడ్ అయ్యాక డబ్బు కట్టడానికి 7 రోజులు, లేదా ఫారం గడువు తేదీకి మరో 2 రోజులు, ఏది ముందొస్తే అది. అక్టోబరు 30 ఆఖరు తేదీ అయిన ఏఓసీ-4ను 29న అప్‌లోడ్ చేస్తే కట్టే వీలు నవంబరు 1 దాకానే, నవంబరు 5 దాకా కాదు. ఈ రెండో షరతు చాలామందికి తెలియదు.

డబ్బు బ్యాంకులో కట్ అయి పోర్టల్‌లో 'పెండింగ్' చూపిస్తే వెంటనే మళ్లీ కట్టకండి. ముందు చెల్లింపు స్థితిని ట్రాక్ చేసే పేజీలో ఎస్ఆర్ఎన్ వేసి చూడండి. చలానా వచ్చాక దాన్ని, సంతకం చేసిన ఫారాన్ని ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. కొద్ది రోజులయ్యాక కంపెనీ మాస్టర్ డేటాలో ఆఖరి సర్వసభ్య సమావేశం తేదీ, ఆఖరి బ్యాలెన్స్ షీట్ తేదీ మారాయేమో చూడాలి. బ్యాంకైనా, నాబార్డు అనుబంధ రుణ సంస్థ నాబ్‌కిసాన్ అయినా లోన్ ఇచ్చే ముందు చూసేవాటిలో ఆ రెండు తేదీలూ ఉండొచ్చు. మారకపోతే ఎస్ఆర్ఎన్, చలానా జోడించి పోర్టల్ హెల్ప్‌డెస్క్‌లో టికెట్ వేయాలి. దీనికోసం హైదరాబాద్ బండ్లగూడలోని రిజిస్ట్రార్ ఆఫీసు దాకా పరుగెత్తాల్సిన పనిలేదు.