పాత కారులో ఆయిల్ దీపం వెలిగినప్పుడు

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుండగా పాత మారుతి 800లో నూనె డబ్బా గుర్తున్న ఎర్ర దీపం వెలిగితే, దిగే ర్యాంపు దాకా లాక్కెళ్దామనుకోకుండా, కారును ఎడమ అంచుకు చేర్చి ఇంజిన్ వెంటనే ఆపాలి. 10 నిమిషాలు ఆగి, నూనె మట్టం చూపే డిప్‌స్టిక్‌ను తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. నూనె కింది గీతకు దిగువన ఉంటే సరైన గ్రేడు నూనె పోసి, ఫిల్టరు చుట్టూ, డ్రెయిన్ బోల్టు వద్ద లీకేజీ ఉందేమో వెతకాలి.

మట్టం సరిగానే ఉంటే కారును టోయింగ్ బండి మీదే గ్యారేజీకి చేర్చాలి. అక్కడ ముందుగా చూడవలసింది, నూనె ఒత్తిడి తగ్గితే ఆ దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్‌ని; దాని వైరు కనెక్టరు ఊడదీసినప్పుడు లోపల నూనె తడి కనిపిస్తే స్విచ్ చెడిందని అనుమానించవచ్చు. అయినా స్విచ్ మార్చి ఊరుకోవడం నాకు నచ్చదు. స్విచ్ తీసిన రంధ్రంలోనే ఒత్తిడి కొలిచే మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ వేడెక్కాక ప్రెషర్ కొలిపించాలి. 1000 ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) సుమారు 10 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం) అన్నది మెకానిక్కుల మోటు లెక్క మాత్రమే, అసలు అంకె ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది.

గేజ్ కూడా తక్కువే చూపితే ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంపులోని జాలి, పంపు, బేరింగులు వరుసగా చూడాలి. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రమే దీపం మిణుకుమని, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతుంటే, బేరింగులు అరిగి ఉండవచ్చు, లేదా నూనె పలచబడి ఉండవచ్చు. డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తే రెండోదే ఎక్కువ అనుమానం.